పది కుందేళ్ల సీసా

తమ్ముడు ఫింటన్‌కు,

దేవుడు నీకు తోడుండాలి. క్రిస్మస్‌నాడు మాటా మాటా అనుకున్నాక ఇదే మొదటి ఉత్తరం. చివరిదాకా చదువు.

నీ మేనకోడలు నూలా పెంచుకుంటున్న రెండు కుందేళ్లలో తెల్లది మంగళవారం చనిపోయింది. పొద్దున బాగానే ఉంది. మధ్యాహ్నానికి ముక్కులోంచి రక్తం కారి పడిపోయింది. అంటురోగమట. వచ్చాక చేసేదేమీ లేదు, రాకముందే టీకా వేయించాలన్నారు పశువుల డాక్టరు. బూడిదరంగు రెండోదాన్ని నూలా ఒళ్లోంచి దింపడం లేదు. తను రొట్టె ముక్క కూడా ముట్టడం లేదు.

డబ్లిన్ నుంచి ఆ టీకా ఒక్క సీసాయే వచ్చింది. తెరిస్తే రెండు గంటల్లో పది కుందేళ్లకు వేసెయ్యాలి. శనివారానికి మన ఊళ్లో పది కాకపోతే పక్క ఊరికి పంపేస్తారట. ఇల్లిల్లూ తిరిగాను. నూలాదానితో కలిపి ఆరే అయ్యాయి. నీ దొడ్లో నాలుగున్నాయి.

"కుండలోకి పోయేదానికి టీకా ఏంటే అక్కా? నా కుందేళ్లకి మిరియాలపొడి చాలు" అంటావు. అను. అంటూనే తీసుకురా.

నూలాకు చెప్పలేనిది నీకు చెబుతున్నాను. ఆదివారం పూజ నుంచి వస్తూ నీ పొలం గట్టున లేతాకు కోసి తెచ్చి పెట్టింది నేనే. పక్కనే అడవి కుందేలు చచ్చి పడి ఉంది. నక్క పని అనుకున్నాను. బూడిదరంగుది ఆ పూట ఆకు ముట్టలేదు. అదొక్కటే ఆశ.

శనివారం పదింటికి, చర్చి హాల్లో. దేవుణ్ణి అడగవలసిందంతా అడిగాను. ఆ నాలుగు కుందేళ్లను మాత్రం నిన్నే అడగాలి.

అక్క