అద్దాల పళ్ళేన్ని తిప్పనివ్వని పరీక్ష

సౌర పరికరాల పరీక్షాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ మేడమీద అద్దాల పళ్ళేనికి వేసిన సీలు తీయించుట గురించి.

ఇదివరకటి అర్జీలకు జవాబు లేదు. ఈసారి మర్యాద కాస్త తగ్గినచో మన్నించగలరు.

1. మా అక్క ఆ లాండ్రీలో దుప్పట్లు ఉడకబెడుతుంది. కట్టెల పొగకు ఆమె ఊపిరితిత్తులు పాడైనవి. పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు, పనికి రాకుంటే జీతం లేదని యజమాని సెలవిచ్చియున్నారు. రెండు ఉత్తర్వులనూ ఒకేసారి పాటించు విధానం తమ శాఖ వద్ద ఉన్నచో తెలుపగోరుచున్నాను.

2. అందుచేత, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే నేను, పాత ఇనుప చట్రానికి అద్దం ముక్కలు అతికించి, ఎండనంతా నల్లరంగు డ్రమ్ము మీదికి మళ్ళించే పళ్ళెం తయారుచేసితిని. డ్రమ్ములో పుట్టిన ఆవిరి గొట్టంలోంచి కింది తొట్టిలోకి దిగుతుంది. పొద్దు జరిగినకొద్దీ పళ్ళెం తిప్పాలి. మోటారు పెడితే ఏ చిన్న లాండ్రీ కొనలేదు గనుక సైకిలు గొలుసు వేశాం, చేత్తో తిప్పుతాం. చవక అంటే అదే.

3. తమ ఇన్‌స్పెక్టరు పరీక్ష మొదలుపెట్టగానే ఆవిరి బుస్సుమంది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి గెంతారు కూడా. కాసేపటికి పొద్దు జరిగింది. అక్క గొలుసు పట్టుకోబోతే,

"ముట్టుకోవద్దమ్మా! పరీక్షలో ఉన్న వస్తువును ఎవరూ తాకకూడదు, రూలు" అన్నారు.

"ఆ రూలేదో సూర్యుడిక్కూడా చెప్పండి బాబూ, కదలకుండా కూర్చుంటాడు" అంది అక్క.

ఆయన ఆవిరి ఆగిపోయేదాకా నీడన నిలబడి, "కొద్దిసేపు మాత్రమే పనిచేయును, వాడుకకు తగదు" అని రాసి, గొలుసుకు సీలు కొట్టి వెళ్ళారు.

4. అయ్యా, తొక్కకపోతే సైకిలు నడవదు. కలపకపోతే కూర మాడుతుంది. వాటిని వాడుకకు తగవని ఎవరైనా రాశారా? పెద్ద సౌర కేంద్రాల్లో అద్దాలను మోటార్లు తిప్పితే అది విజ్ఞానం, మా అక్క తిప్పితే లోపం! లేనివాళ్ళకున్నది ఆ చెయ్యి ఒక్కటే. దాన్ని పట్టుకు ఆపేసి, చూశారా నడవలేదు అనడం ఏ శాస్త్రం?

5. అక్క మళ్ళీ కట్టెల పొయ్యి దగ్గరికే వెళ్ళింది. మాట పూర్తికాకముందే దగ్గు. "ఎందుకురా తమ్ముడూ ఈ రాతలు, నీ చెయ్యి నొప్పి తప్ప" అంటోంది. నాకూ విసుగొచ్చింది.

కావున సీలు తీయించి, తిప్పే మనిషితో సహా మరల పరీక్షింపజేయ ప్రార్థన. ఇంకా రాసే ఓపిక లేదు. రాసినంతవరకు చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
పాలిటెక్నిక్ మాస్టరు

తా.క.: మేడమీద కూర్చుని కవరు అంటించబోతుంటే కింద అక్కకు దగ్గు తెర ఆగలేదు. సీలు నేనే తెంచాను. ఆవిరి వస్తోంది. నన్ను పట్టుకుపోవడానికి మనుషుల్ని పంపేటట్లయితే ఒకరిని ఎక్కువ పంపండి. నేను పోయాక పళ్ళెం తిప్పాలి. అక్కకు కింద దుప్పట్లతోనే సరిపోతుంది.