ముందు పన్ను, కింది వరస

సోమవారం

లెక్కల ఆఫీసు అక్కకి,

కట్టుడు పళ్ళ కొట్టు తాతయ్య మనవడు రాసేది. నమస్తే అక్కా.

మీ పెద్ద సార్ ఈ నంబరిచ్చి, ఇకనుంచి మా కొట్టు సంగతులు కొత్తగా చేరిన అక్కే చూస్తుందన్నారు. నాకు ఫోన్లో మాట్లాడాలంటే సిగ్గు, నాలుక మడతపడిపోతుంది. అందుకే మెసేజీనే ఉత్తరంలా రాస్తున్నా. తప్పులుంటే ఏమనుకోకండి. బడి నాకు పడలేదు, నేను బడికి పడలేదు.

విషయం ఏంటంటే, పెద్దాసుపత్రి వాళ్ళు ఏడాది పొడుగునా పళ్ళ సెట్లు మా దగ్గరే చేయించుకుంటారంట అక్కా! మా సందులోకి కారొచ్చింది తెలుసా! వెనక్కి తీయడానికి సందంతా కలిసి తోశాం. తాతయ్య చేసిన సెట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, బాగుందన్నారు. కాకపోతే శుక్రవారం సాయంత్రం లోపు మా కొట్టుకి సంబంధించి అంతా సక్రమంగా ఉందని మీ ఆఫీసు ఉత్తరం ఇవ్వాలంట. లేదంటే మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల పళ్ళ షాపు వాళ్ళకి ఇచ్చేస్తారంట.

ఈ ఆర్డరొస్తే తాతయ్య నాకు సొంత బల్ల వేయిస్తానన్నాడు. ఇప్పటిదాకా నా పని మైనం కరిగించడం, కొట్టు ఊడవడం, అంతే. ఒక్క పన్ను కూడా నా చేత్తో చెయ్యలేదు. ఏం చెయ్యాలో చెప్పండి అక్కా, చేసేస్తా.

ఇట్లు,
మీ తమ్ముడిలాంటి వాడు

తా.క.: ఫోన్ మాత్రం చెయ్యకండి.


తమ్ముడికి,

నీ మెసేజ్ చూసి నేనూ కుర్చీలోంచి గంతేశాను! నాకు సొంతంగా అప్పజెప్పిన మొట్టమొదటి కొట్టు మీదే. ఆర్డరు వాళ్ళకెలా పోతుందో నేనూ చూస్తా.

ఈ ఏడాది చిన్న వ్యాపారాలకి బోలెడు మార్పులొచ్చాయి. పెద్ద సార్ అవన్నీ ఇంగ్లీషులో రాసి పంపిస్తే ఒక్కళ్ళకీ బుర్రకెక్కడం లేదు. అందుకే నేను ఇంగ్లీషు ముక్క లేకుండా, చంటిపిల్లాడికి కూడా అర్థమయ్యే తెలుగులో చెబుతున్నా.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ముందస్తు పన్ను కట్టాలి. ఇదివరకు మీలాంటి చిన్న కొట్లకి అక్కర్లేదు, ఈ ఏడాది నుంచి తప్పనిసరి. శుక్రవారం లోపు కట్టి, రుజువు ఫోటో తీసి పంపించు. ఉత్తరం ఆ నిమిషమే ఇచ్చేస్తా.

దీవెనలతో,
లెక్కల అక్క

తా.క.: అరవై దాటిన వాళ్ళకి పన్ను బాగా తగ్గుతుంది. మీ తాతయ్యకి ఎన్నేళ్ళు?


మంగళవారం

అక్కా అక్కా,

ఇంతేనా! నేనింకా ఏం కొండ తవ్వాలో అనుకున్నా. పన్ను కట్టడం మాకు కొత్తా? పొద్దున లేస్తే అదే పని కదా మాకు!

అరవై ఎప్పుడో దాటాయి. మీరన్నది నూటికి నూరు పాళ్ళు నిజం, ఆ వయసుకి తగ్గిపోతాయి. తాతయ్యకి పోయిన ఏడాది ఒకటి పోయింది కూడా.

ఇంతకీ కట్టాల్సింది ఎవరిది? పై వరసా, కింది వరసా? అది చెబితే ఇప్పుడే మొదలెట్టేస్తా.

ఇట్లు,
గంతులేస్తున్న తమ్ముడు

తా.క.: అద్దాల షాపు వాళ్ళ చేత కూడా కట్టిస్తున్నారా, మాకొక్కళ్ళకేనా?


బంగారు తమ్ముడికి,

"పన్ను కట్టడం మాకు కొత్తా" అన్నావు చూడు, ఆ ముక్క పెద్ద సార్‌కి చదివి వినిపించా. ఆయన సర్వీసులో ఒక్క వ్యాపారి నోట ఆ మాట వినలేదంట.

ఎవరిదేంటి, మీ తాతయ్యదే! కొట్టు ఆయన పేరు మీదే కదా ఉంది. వరస సంగతి మాత్రం భలే అడిగావు. పై వరస పెద్ద పెద్ద ఆసాములకి. మీ సంపాదనకి కింది వరసే.

పోయిన ఏడాది మామూలుది పోయిందిలే అని వదిలెయ్యకు. అదీ కట్టాలి. లేకపోతే రోజురోజుకీ పెరుగుతుంది.

అద్దాల షాపేంటి, ఎవరైనా కట్టాల్సిందే.

ఇట్లు,
అక్క

తా.క.: ఆసుపత్రి వాళ్ళు మీకు డబ్బిచ్చేటప్పుడు మూలం దగ్గరే పన్ను కోస్తారు. కంగారు పడకు, అందరికీ కోస్తారు.


అక్కకి,

మూలం దగ్గర కోస్తారా? మత్తిచ్చా, ఇవ్వకుండానా? అయ్యా మా పళ్ళు తీసుకోండి అని ఇస్తే, డబ్బులిచ్చి మా పన్ను కోస్తారా? ఇదెక్కడి బేరం అక్కా!

ఉన్నవాళ్ళకి పై వరస, లేనివాళ్ళకి కింది వరస అన్నది కూడా ఇదే వినడం. పోయిన పన్ను రోజురోజుకీ పెరుగుతుందన్నారు, మరి తాతయ్యకి ఏడాదైనా మొలవలేదు.

అయినా మధ్యాహ్నమంతా ఆలోచిస్తే మీ మాటలో న్యాయం కనపడింది. పళ్ళు చేసేవాడి నోట్లోనే, సరిగ్గా ముందర, కింది వరసలో సందుంటే ఆసుపత్రి వాళ్ళకి నమ్మకమెలా కుదురుతుంది? అందుకేగా ముందు పన్ను కట్టమన్నారు! సాయంత్రం తాతయ్యతో అన్నా.

"తాతయ్యా, లెక్కలక్క నీ పన్ను కట్టాలంటోంది."

"నాదా? ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేంట్రా?"

"ఈ ఏడాది నుంచి తప్పనిసరంట. పోయినదాంతో కలిపి."

"కట్టను పో! నేనెవరి జోలికన్నా వెళ్ళానా? నా జోలికెందుకొస్తారు?"

"ఊళ్ళో అందరిదీ కట్టావు, నీది కట్టుకోడానికేం?"

"అందరిదీ నేనెందుకు కడతాన్రా? ఎవడిది వాడే కట్టుకోవాలి!"

విన్నారా అక్కా? ఊరందరికీ పళ్ళు కట్టిన మనిషి "ఎవడిది వాడే కట్టుకోవాలి" అంటున్నాడు. నాకు భయమేస్తోంది. మతిగానీ తప్పుతోందా?

ఇట్లు,
తమ్ముడు

తా.క.: చదువుకున్నోళ్ళకి చెప్పకూడదు గానీ, మీ ఆఫీసు బోర్డు మీద "పన్నుల సలహాదారులు" అని ఉంది. పన్నులు అనకూడదక్కా. పళ్ళు అనాలి.


బుధవారం

తమ్ముడూ,

కట్టను అంటే దాన్ని ఏమంటారో తెలుసా? పన్ను ఎగ్గొట్టడం అంటారు! ఎగ్గొట్టిన వాళ్ళని ఎవరూ వదలరు. ఇంటికొచ్చి మరీ లాగుతారు. అలాంటి వాళ్ళకి ఉత్తరమిస్తే పెద్ద సార్ నన్ను బ్యాగుతో సహా మెట్ల కిందకి పంపేస్తారు.

తాతయ్యకి మంచిగా నచ్చజెప్పు. ఒక్కసారే భారమైతే విడతలుగా కట్టొచ్చు. ఆసుపత్రి వాళ్ళు పొరపాటున ఎక్కువ కోసేసినా బెంగలేదు, ఎక్కువైంది వాపసొస్తుంది. నేరుగా బ్యాంకులో పడుతుంది.

ఇందాక ఆగలేక ఫోన్ చేశా. ఎవరో ఎత్తి, ఉఫ్ ఉఫ్ అని ఊపిరి వదిలి పెట్టేశారు. మీ కొట్టులో కొలిమి కూడా ఉందా?

ఇట్లు,
ఆందోళనలో ఉన్న అక్క

తా.క.: బోర్డు మీద పళ్ళు అని రాయిస్తే జనం అరటిపళ్ళు అడుగుతారు తమ్ముడూ. మత్తు జోకు మాత్రం అదిరింది.


గురువారం

అక్కకి,

ఆ కొలిమి నేనే.

అక్కా, ముందు శుభవార్త! లేదు, ముందు నిన్నటి సంగతి చెప్పాలి. "ఇంటికొచ్చి మరీ లాగుతారంట" అని చెప్పగానే తాతయ్య మొహం మారిపోయింది. తిట్టుకుంటూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని ఎటో వెళ్ళాడు. గంట తర్వాత వచ్చి, "కట్టేశాన్రా, పీడా వదిలింది" అన్నాడు. నోట్లోకి తొంగి చూశా. సందు సందులాగే ఉంది! పాపం, పెద్దాయన నాకోసం అబద్ధమాడుతున్నాడు.

విడతలుగా ఎలా కట్టాలో నాకైతే తెలియదు. ఉన్నది ఒక్క పన్ను, ఇవాళ సగం రేపు సగం అంటే కుదరదు. అందుకే తెగించా. కొలత గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి, "తాతయ్యా, నోరు తెరువు. నేను కడతా" అన్నా. ఆ గొంతు నాదేనా అని నేనే వెనక్కి తిరిగి చూశా.

తాతయ్య చేతిలో ఆకురాయి పక్కన పెట్టాడు. నోరు తెరిచాడు.

అచ్చు బాగానే వచ్చింది. రంగు దగ్గరే చచ్చాను. మరీ తెల్లగా చేస్తే నోట్లో బల్బు పెట్టినట్టుంది. మళ్ళీ చేశా. ఆయన పళ్ళది పాత టీ గ్లాసు రంగు. పక్కది కాస్త ఎడమకి వాలింది కదా అని దీన్నీ ఒక వెంట్రుకవాసి వాల్చా. ఇందాకే పెట్టా. టక్కుమని కూర్చుంది అక్కా! కట్టేశా! నా చేత్తో కట్టేశా!

రుజువు ఫోటో ఇదిగో.

ఇట్లు,
పన్ను కట్టిన తమ్ముడు

తా.క.: ఇక మూలం దగ్గర కొయ్యొద్దని ఆసుపత్రి వాళ్ళకి మీరే చెప్పండి. కొత్తది, పాపం.


శుక్రవారం

ఓరి తమ్ముడూ,

నేనేం చేశానో తెలుసా? కట్టేశా అన్న మాట కనపడగానే ఒళ్ళు తెలియలేదు. ఫోటో తెరిచైనా చూడకుండా ఉత్తరం రాసి, "ముందస్తు పన్ను కట్టడమైనది, రుజువు జతచేశాం" అని ఆసుపత్రికి పంపేశా. ఆ తర్వాత తీరిగ్గా టీ తాగుతూ ఫోటో తెరిచా. ఫోన్ నిండా మీ తాతయ్య నోరు! టీ అంతా పెద్ద సార్ చొక్కా మీద!

పన్ను అంటే ట్యాక్స్ రా నాయనా! ట్యాక్స్! సర్కారుకి కట్టే డబ్బు! మూలం దగ్గర కోయడమంటే, మీకిచ్చే డబ్బులోంచి ముందే కొంచెం తీసి సర్కారుకి కట్టడం. కత్తీ లేదు, మత్తూ లేదు!

కట్టని పన్ను కట్టారని రాసిచ్చాను. సాయంత్రానికి నీ ఆర్డరు, నీ బల్ల, నా ఉద్యోగం మూడూ గోవిందా. ఇప్పుడేం చెయ్యను?

ఇట్లు,
మీ మునిగిపోయిన అక్క

తా.క.: ఒక్క మాట. ఆ ఫోటో పెద్దది చేసి చూశా. ఏది కట్టినదో పట్టుకోలేకపోయా.


శుక్రవారం సాయంత్రం

అక్కా!

ఫోన్ చేస్తే ఎత్తరేం? అవును, నేనే చేశా!

మీ ఉత్తరం తాతయ్యకి గట్టిగా చదివి వినిపించా. ఆయన బల్ల పట్టుకుని నవ్వాడు, నవ్వి నవ్వి దగ్గాడు. తర్వాత ఆ ఇస్త్రీ చొక్కా తెప్పించి, జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. బ్యాంకు రసీదు. బుధవారం తారీకు. ఈ ఏడాదిదీ పోయిన ఏడాదిదీ కలిపి కట్టేశాడు అక్కా! నేను పన్ను అన్నప్పుడల్లా ఆయనకి మీ పన్నే వినపడింది. మీ ఉత్తరంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఫోటో పంపుతున్నా, ఈసారి తెరిచి చూడండి.

"కట్టేసి వచ్చినవాడివి, మరి నేను గిన్నె పట్టుకొస్తే నోరెందుకు తెరిచావు?" అని అడిగా.

"పని నేర్పమని నువ్వు నోరు తెరిచి అడుగుతావేమోనని ఎన్నాళ్ళుగా చూస్తున్నాన్రా? నువ్వు తెరిచావు, నేనూ తెరిచా" అన్నాడు.

ఇంతలో కారొచ్చింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు మీరు పంపిన నోరు ప్రింటు తీయించి చేత్తో పట్టుకొచ్చాడు. తాతయ్యని వెలుతురులో కూర్చోబెట్టి, అద్దం పెట్టి చూసి చూసి, "ఇదేగా కట్టింది?" అని పక్క పన్ను పట్టుకుని లాగాడు. తాతయ్య కెవ్వుమన్నాడు. అది సొంతది!

ఆర్డరు మాకే అక్కా! ఎవరు చేశారని డాక్టరడిగితే తాతయ్య నా వీపు మీద ఒక్క తోపు తోశాడు. "నేనే" అన్నా. వీధిలోకి వినపడిందంట. వడ్రంగి వచ్చి కొలతలు తీసుకుంటున్నాడు. బల్ల ఎత్తు ఎంతుండాలో నన్నే అడుగుతున్నాడు. వెళ్ళాలి.

ఇట్లు,
మీ తమ్ముడే

తా.క.: డాక్టరుగారు ముచ్చట పడిపోయారు. పన్ను కట్టిన రుజువు ఇంత దగ్గరగా చూపించిన ఆడిటరుని పుట్టి ఎరగరంట. ఆసుపత్రి లెక్కలు కూడా మీకే ఇస్తారంట, సోమవారం రమ్మన్నారు. మీ తోటి ఆడిటర్లకి కూడా ఒక ముక్క చెప్పండక్కా. పళ్ళ కొట్టుకి రాసేటప్పుడు ట్యాక్స్ అన్నదే తెలుగు.