గంగామణమ్మ ఇంట్లో సిలువ

ఎల్లారెడ్డి,
1936 ఏప్రిల్ 13, సోమవారం

కామారెడ్డి రైలు స్టేషనులో కొలువున్న మా అన్న యాకూబుకు చెల్లెలు సాలవ్వ వందనాలు. తిరిగి లేచిన ప్రభువు నిన్ను చల్లగా చూడాలని అవ్వా నేనూ కోరుకుంటున్నాము. మేము క్షేమం. అవ్వ పక్కన కూర్చుని చెబుతుంటే రాస్తున్నాను.

అన్నా, మన సిలువ పేడు ఇల్లు చేరింది. నువ్వు కబురు మీద కబురు పంపావు కదా, అందుకే ముందు ఆ మాట. పెద్ద ఫాదరు చనిపోతూ తాతకు అప్పగించిన, ఆ పేడు ఉన్న వెండి పెట్టె, అద్దం పగలకుండా, లక్క ముద్ర చెదరకుండా వచ్చింది.

ప్లేగుకు మన వాడ ఖాళీ చేసినప్పుడు, ఊరి బయట వేసుకున్న గడ్డి గుడిసెలో వెండి ఎక్కడ దాస్తామని అవ్వ దాన్ని ఊళ్లో ఉన్న గంగామణమ్మకు ఇచ్చింది. ప్రభువు మోసిన సిలువ ముక్కను హిందువుల ఇంట పెడతావా అని మనవాళ్లు కొందరు తప్పు పట్టారు. పెట్టె ఇచ్చిన రోజు నేనూ అవ్వ వెంట ఉన్నాను. గంగామణమ్మ పెట్టెను కొంగుతో అందుకొని, "మీ దేవునికి ఏం పెడ్తరే మరియా? దీపం ముట్టిస్తే సాలునా?" అని అడిగింది. చాలన్నది అవ్వ. తన దేవుళ్ల గూట్లోనే పెట్టుకుంది.

తర్వాత వాళ్ల ఇంట్లోనూ ఎలుకలు చచ్చి రాలడంతో వాళ్లు సదాశివనగర్‌లో బంధువుల దగ్గరికి పోయారు. శుభ శుక్రవారం దగ్గర పడింది, పెట్టె రాలేదు. అది లేకున్నా ప్రార్థన ఆగదని ఫాదరు అన్నారు గాని, అవ్వ అన్నం ముట్టలేదు. తాత కాపాడినదాన్ని తన చేతులతో పోగొట్టానని కుమిలిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం గంగామణమ్మ కొడుకు రాజయ్య బండి కట్టుకొని వచ్చి, పెట్టెను అవ్వ చేతిలో పెట్టాడు. "మీ అమ్మ ఎట్లున్నది బిడ్డా?" అని అవ్వ అడిగితే, "ఆడనే ఉన్నది మరియవ్వా" అన్నాడు. ఆ సాయంత్రం అందరూ వచ్చి పెట్టెను ముద్దు పెట్టుకున్నారు. తప్పు పట్టినవాళ్లూ వచ్చారు. అవ్వ ఇప్పుడు నిమ్మళంగా ఉంది.

సెలవు దొరికితే వచ్చి పో.

నీ చెల్లెలు
సాలవ్వ

తా.క. అవ్వ నీళ్లకు పోయింది, అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు రాజయ్య ముఖం కడుక్కోవడానికి రుమాలు విప్పితే గుండు కనబడింది. నేను అడిగితే అప్పుడు చెప్పాడు. ఊరు విడిచిన రోజు బండి వాగు దాటాక గంగామణమ్మకు పెట్టె గుర్తుకొచ్చిందట. వద్దన్నా వినక, ఎలుకలు పడి ఉన్న ఇంట్లోకి ఒక్కతే మళ్లిపోయి తెచ్చిందట. సదాశివనగర్ చేరాక జ్వరం పట్టి, ఆ జ్వరంతోనే కన్నుమూసింది. "మరియవ్వకు చెప్పకు చెల్లె. పాపం తన మీద ఏసుకుంటది" అన్నాడు. కానీ అవ్వ రోజూ ఆమె క్షేమం కోసం ప్రార్థన చేస్తున్నది. పక్కన కూర్చుని ఆమెన్ అనడం నా వల్ల కావడం లేదు. నువ్వొచ్చి చెప్పన్నా.