చింతపండుతో తోమిన తూనికరాళ్ళు

ఎస్ట్‌కోర్ట్ నుంచి

చిరంజీవి తమ్ముడు సూర్రావుని చల్లగా ఉండమని దీవించి అక్క మంగమ్మ రాయించేది. ఇక్కడ నేనూ శారదా బాగానే ఉన్నాం. నీ మోకాలి వాపు తగ్గిందా, మరదలు పూటకి ఇంత తింటోందా, అందరి ఒంట్లో ఎలా ఉందో రాయి. మేం బాగానే ఉన్నాం, బెంగపడకు. నాకే నాలుగు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి. ఎందుకో నా నోటితోనే చెబుతాను. రాస్తున్నది శారదే. దానికి ఇష్టం లేదు, అయినా రాస్తుంది.

ఇక్కడ జూలైలో చలి. ఇంట్లో ఒక్కదాన్నీ వణకలేక అమ్మాయి పనిచేసే మందుల కొట్టుకి వెళ్ళి వెనకగదిలో కూర్చుంటాను. ఈ దేశంలో నల్లవాళ్ళకీ ఓటొచ్చాక నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే గుమ్మంలోంచి వస్తున్నారు, అంతకుముందు నల్లవాళ్ళకి పక్క కిటికీయేనట. కొట్టు యజమాని రామన్న ముత్తాతలు మన వైపు నుంచే చెరకు కొట్టడానికి ఇక్కడి డార్నల్ అనే ఊరికి వచ్చారు. ఆయనకి మిగిలిన తెలుగల్లా అవ్వా అని పిలవడం, తిట్టడం.

ఆ గదిలో చిన్న పెట్టెలో పొడిమందులు తూచే ఇత్తడి రాళ్ళున్నాయి. నల్లబడి ఉన్నాయి. శుక్రవారం చింతపండూ బూడిదా పెట్టి దీపపు కుందుల్లా తోమాను. బంగారంలా మెరిశాయి.

సోమవారం శారద పెట్టె చూసి, "అమ్మా, ఎంత రుద్దావు?" అంది.

"నలుపు పోయేంత."

బీరువాలోంచి ఎవరూ వాడని, అదే తూకం రాయి తీసి తక్కెడలో ఒకవైపు పెట్టింది, రెండోవైపు నేను తోమింది. నాది పైకి లేచింది, వెంట్రుకవాసి.

"వెంట్రుకవాసికి ఏం మునిగిందే?" అన్నాను.

"అది రాయిలో ఉన్న సరుకమ్మా. బళ్ళో ద్రవ్యరాశి అంటారు. మన ఊళ్ళో ఉన్నా ఈ కొండల్లో ఉన్నా మారదు, అందుకే నమ్మి తూస్తాం. నువ్వు ఆ సరుకే కొంత అరగదీశావు. రాయి తగ్గితే మందూ తగ్గుతుంది. పసిపిల్ల పొట్లంలో మందు ఆవగింజంత. అందులో వెంట్రుకవాసి తక్కువేం కాదు."

శనివారం ఆ రాళ్ళతో తూచిన మందు ఒక్కరికే వెళ్ళింది. దూరంగా పొలాల్లో ఉండే ఒక జులూ జాతి ముసలామె మనవరాలికి, మూర్ఛ మందు. శారద మంచి రాళ్ళతో మళ్ళీ పొట్లాలు కట్టింది. ఇక రామన్నకి చెప్పాలి. శారదకి ఈ దేశంలో మందులిచ్చే అనుమతి రావాలంటే కాగితం మీద ఆయనే సంతకం పెట్టాలి. ఇది నోరు తెరిచేలోపు నేనే వెళ్ళి పెట్టె ఆయన ముందు పెట్టి, ఎలా తోమానో చేత్తో చూపించాను.

"సిగ్గులేదా ముసిలీ" అన్నాడు, అచ్చం మన నూకాలు పిన్ని అన్నట్టే.

"ఉంది కాబట్టే వచ్చాను. బండి తియ్యి" అన్నాను. అర్థమైందో లేదో, తాళాలు తీశాడు.

ముగ్గురం వెళ్ళాం. పిల్ల వాకిట్లో ఆడుకుంటోంది. కానీ ఆదివారం ఒకసారి మూర్ఛ వచ్చిందట. మందు తగ్గినందుకు వచ్చిందో, ఎప్పుడూ వచ్చేదే వచ్చిందో చెప్పలేం అంటుంది శారద. అదే నన్ను తినేస్తోంది తమ్ముడూ. ముసలామె పాత పొట్లాలు తిరిగిచ్చి, నన్ను చూస్తూ చాలాసేపు ఏదో అంది. ఆమె భాష రామన్నకి వచ్చు. ఏమందని అడిగితే బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

ఎవరైనా వస్తుంటే కాస్త ఇంగువ పంపు. ఇక్కడిది వాసనే రాదు.

రామన్న ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టననీ అనలేదు. పెట్టకపోతే మూటాముల్లే సర్దుకుని వస్తాం. అప్పుడు శారదకి తూచడం చేతకాక పంపేశారని ఎవరన్నా అంటే ఊరుకోకు. తప్పు నాది. ఇక్కడ శారద కలం ఆపింది. శనివారం రాళ్ళు చూసుకోకుండా తూచింది తనేనట, తప్పు తనదని రాస్తుందట. నీ తప్పు నీ ఉత్తరంలో రాసుకో, ఇది నా ఉత్తరం అన్నాను. రాస్తోంది.

పిన్నికి నా దండాలు చెప్పి, ఆ మూర్ఛ పిల్లని దీవించమను. పిల్లలకి నా ముద్దులు. పైన ఉన్నది ఒక్క మాట మారకుండా నేను చెప్పిందే. రెండుసార్లు చదివించుకుని విన్నాను. కింద వేలిముద్ర నాది.

మంగమ్మ