రైట్ రైట్

3 నవంబరు 2025, సోమవారం

మా ఆయనకు మాటలు నేర్పే స్పీచ్ మేడమ్ మిస్బా ఈ నోట్‌బుక్ ఇచ్చింది. రోజుకొక సంతోషం రాయాలట. ఇంట్లో, పనిలో, రోడ్డు మీద, ఎక్కడ దొరికితే అక్కడ. చిన్నదైనా ఫర్లేదట. ఆయనకు మాటలు రావాలంటే ముందు నా మొహం బాగుండాలట. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు. ఏమైనా చెబుతుంది.

ఈ రోజు సంతోషం: పాల ప్యాకెట్ చినగలేదు.

4 నవంబరు

ఏమీ లేదు.

7 నవంబరు

ఖాళీ పేజీలు చూసి మేడమ్ మొహం ముడుచుకుంది. సరే, మొదటినుంచీ రాస్తాను.

మా ఆయన పుల్లారావు. కండక్టరు. ఇరవై రెండేళ్ళు నరసరావుపేట–గురజాల బండి. బండి కదలాలంటే రైట్ రైట్, ఆగాలంటే హోల్డాన్. ఆ గొంతు చివరి సీటు దాకా వినపడేది. జూన్ పంతొమ్మిదిన స్ట్రోక్ వచ్చింది. చెయ్యీ కాలూ కొద్దికొద్దిగా తిరిగొచ్చాయి. మాటలు మాత్రం అన్నీ పోయి ఒక్కటే మిగిలింది. రైట్. అన్నం పెట్టినా రైట్ రైట్. బాత్రూంకి వెళ్ళాలన్నా రైట్ రైట్. నేను ఏడ్చినా రైట్ రైట్. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. నాకూ ఒకసారి వచ్చింది.

డాక్టరు ఆరు నెలల గడువు చెప్పాడు. వచ్చే మాటలు ఆలోపే వస్తాయట, తర్వాత ఆశ పెట్టుకోవద్దట. అంటే డిసెంబరు పంతొమ్మిది. నాకు పెద్ద ఆశలేం లేవు. ఒక్కసారి ‘ఏమే’ అంటే చాలు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో కోటమ్మా అని పిలిచిన పాపాన పోలేదు. ఎప్పుడూ ఏమే. నలుగురిలో అలా పిలిస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు దానికోసమే చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాను. నా బతుక్కి సిగ్గులేదు.

12 నవంబరు

సూదిలోకి దారం మొదటిసారికే ఎక్కింది. నాలుగు చీరలకు ఫాల్స్ కుట్టాను. ఇదీ సంతోషమేనట.

16 నవంబరు, ఉదయం 6

రోడ్డు మీద ఫస్ట్ బస్సు హారన్ కొట్టింది. ఆయన మంచం మీదే లేచి కూర్చుని, రైట్ రైట్ అన్నారు. మూతి ఒక పక్క నవ్వింది. ఐదు నెలల్లో ఇదే మొదటిసారి.

ఒకసారి బస్సెక్కిస్తే?

24 నవంబరు, ఉదయం 11, గురజాల బస్టాండు

మేడమ్, ఈ రోజు పేజీ చాలదు!

ఆడవాళ్ళకు ఫ్రీ కాబట్టి నాకు జీరో టికెట్. ఆయనకు డబ్బుల టికెట్. కండక్టరు ధరణి ఆయన దగ్గరే పని నేర్చుకుంది. బాబాయికి నేను టికెట్ కొట్టేదేందమ్మా అని సిగ్గుపడింది. కొట్టమన్నాను. ఆయన ఆ టికెట్ అటూ ఇటూ తిప్పి, స్టేజీ సరిగ్గా పడిందో లేదో చూసి, అప్పుడు జేబులో పెట్టుకున్నారు. చూశావా పొగరు!

డోరు దగ్గర సీట్లో కూర్చోబెట్టాం. ఎక్కినవాళ్ళంతా పలకరించారు. ఏంది పుల్లారావన్నా, చానా చిక్కిపోయినావని ఒకాయన చెయ్యి పట్టుకున్నాడు. స్టేజీ స్టేజీకీ ఆయన డోరు చూసి, జనం ఎక్కారో లేదో చూసి, టైముకి రైట్ రైట్ అన్నారు. డ్రైవరు వెంకటేశ్వర్లు పాత జోడీ. నవ్వుకుంటూ ఆ మాటకే బండి కదిలించాడు. ధరణి మధ్యలో నిలబడి మెషీన్‌తో టికెట్లు కొట్టుకుంది. పిడుగురాళ్ళలో సున్నం దుమ్ము లోపలికొచ్చింది. ఇంట్లోకొస్తే తిట్టేదాన్ని. ఇవాళ అదీ బాగుంది.

మిగిలిన ఒక్క మాటకీ ఇవాళ పని దొరికింది. ఇప్పుడు బెంచీ మీద ఇద్దరం సోడా తాగుతున్నాం. తిరుగు బస్సు పదకొండున్నరకి. అదే బండి.

24 నవంబరు, సాయంత్రం

బుల్లెమ్మ అనే ముసలామె తుంటి విరిగింది. మా వల్ల.

27 నవంబరు

ఆ రోజు గురజాలలో రాసిన పేజీ చించబోయాను. చెయ్యి రాలేదు.

నేను చూసింది రాసిపెడతాను. తిరుగు దారిలో ఒక స్టేజీలో బండి ఆగింది. బుల్లెమ్మ మిరపనారు కట్ట చంకన పెట్టుకుని దిగుతోంది. చీర చెంగు డోరు గడియకు తట్టుకుంది. ధరణి వెనక సీట్ల దగ్గరుంది. చూసింది ఆయన ఒక్కరే. చెయ్యెత్తారు. ఆపమనే ఎత్తారు. నోరు తెరిచారు. ఆ నోట్లో హోల్డాన్ లేదు కదా. ఉన్నది ఒక్కటే.

రైట్ రైట్ అని అరిచారు.

వెంకటేశ్వర్లు బండి కదిలించాడు.

అంతా ఆయనకు మతి లేదంటున్నారు. ఉంది. అందరికన్నా ముందు చూసింది ఆయనే. ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరు. ఆయన చెప్పుకోలేరు.

30 నవంబరు

ధరణిని సస్పెండ్ చేశారు. డిపోకి వెళ్ళి తప్పు మాదని చెప్పాను. డ్యూటీలో ఉన్నది మీరు కాదు కదమ్మా అన్నాడు పెద్ద సారు. ధరణికి ఫోన్ చేస్తే, పోనీలే పిన్నీ అని పెట్టేసింది. తిడితే బాగుండేది.

తిట్టింది బుల్లెమ్మ. ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకెళ్ళాను. నోరు లేనోడికి బస్సెందుకే, సంబరానికి నా కాలే దొరికిందా అంది. నిజమే. సంబరానికే వెళ్ళాం. బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను.

8 డిసెంబరు

ఆ రోజు నుంచీ ఆయన నోరు విప్పలేదు. రైట్ కూడా లేదు. ఆకలేస్తే గోడ వైపు తిరుగుతున్నారు. రోడ్డు మీద బస్సు హారన్ వినపడితే దుప్పటి కప్పుకుంటున్నారు.

13 డిసెంబరు

లేత దొండకాయలు దొరికాయి. వేపుడు చేశాను. తినలేదు. ఇద్దరివీ పారబోశాను.

19 డిసెంబరు, శుక్రవారం

గడువు. పొద్దుటి నుంచీ ఆయన ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాను. ఫాల్స్ కుట్టలేదు. ఏమే అనండి, ఏమే అనండి అని బతిమాలాను. చివరికి అరిచాను. కళ్ళు మూసుకున్నారు.

ఉన్న ఒక్క మాటనీ బస్సెక్కించి పోగొట్టింది నేనే. దురాశ దుఃఖానికి చేటు అని ఊరికే అనలేదు. రేపు ఈ నోట్‌బుక్ మేడమ్‌కి తిరిగిచ్చేస్తాను. సంతోషాలు రాసుకునే ఓపికున్నవాళ్ళకు ఇచ్చుకోమంటాను.

20 డిసెంబరు, ఉదయం 9.40

నోట్‌బుక్ పట్టుకుని, చెప్పులేసుకుని గేటు తీశాను. వెనక నుంచి హోల్డాన్ అని వినపడింది. పెద్దగా. డ్యూటీ గొంతు.

చూస్తే నా చీర చెంగు గేటు గడియకు తట్టుకుని ఉంది.

ఆయన చెయ్యెత్తే ఉన్నారు. చెంగు విడిపించుకున్నాను. అయినా ఆయన చెయ్యి దించలేదు. ఇంకా రైట్ అనలేదు.

గేటు దగ్గరే నిలబడి రాస్తున్నాను.