సలోమి కూడా స్తోత్రం అనాలి

శనివారం, రాత్రి

ఒకరిని కాపాడి, పక్కనున్న మనిషిని వదిలేసిన దేవుడికి స్తోత్రం ఎలా చెప్పడం? కాలేజీ రోజుల నుంచీ నాతో ఉన్న ఈ ప్రశ్న ఇప్పుడు మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

చిల్లకూరు దగ్గర లారీ గుద్దిన ఆటోలో మా ఆయనా, సలోమి భర్త యాకోబూ పక్కపక్కనే ఉన్నారు. ఈయన కాలికి కట్టుతో ఇంటికొచ్చారు. యాకోబు రాలేదు. రేపు చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు కబురు పంపారు. నేను లేచి "దేవుడు నా భర్తను కాపాడాడు" అనగానే సంఘమంతా "స్తోత్రం" అంటుంది. ఆడవాళ్ల వరసలో కూర్చున్న సలోమి కూడా అనాలి.

నావల్ల కాదని సాయంత్రం వాళ్లింటికే వెళ్లి చెప్పాను. సలోమి బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఏందక్కా, ఇంత చదివినావు, ఒక్క మాట చెప్పలేవా? నన్ను చూసి నోరు మూసుకోబాక. మా ఆయన ఎట్టాగూ రాడు. అన్న బతికినందుకన్నా స్తోత్రం చెప్పొద్దా?"

"నువ్వు అంటావా మరి?"

చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "గట్టిగా అనలేనేమో అక్కా."

ఇప్పుడు మా ఇంట్లో, పక్కగదిలో ఈయన నిద్రలో మూలుగుతున్నారు. ఆ మూలుగు వినపడుతున్నందుకు మోకరించి ఏడుస్తూ స్తోత్రం చెప్పగలను. రేపు సలోమి ఎదురుగా నిలబడి చెప్పాలో వద్దో మాత్రం నాకింకా తేలడం లేదు.