ఆ పళ్లరసం ఆపండి

యూనియన్ అధ్యక్షులవారికి,

మిల్లు యాజమాన్యం దిగివచ్చిందని, ఈ సాయంత్రం గేటు ముందు మీ చేతుల మీదుగా మా తమ్ముడి నిరాహారదీక్ష విరమింపజేస్తారని తెలిసింది. సంతోషం. కానీ ఆ పళ్లరసం గ్లాసు మాత్రం దయచేసి ఆపండి.

వారాల తరబడి వాణ్ణి తినమని బతిమాలిందీ నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెబుతాను. అయినా అతిగా భయపడుతున్నానేమోనని నాకే అనుమానం. పస్తులతో ఎండిన ఒంట్లో ఫాస్ఫేటు, పొటాషియం అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా చక్కెర పడితే, దాన్ని వాడుకోవడానికి కణాలు రక్తంలో మిగిలిన ఆ కాస్తా లాగేసుకుంటాయి. అప్పుడు గుండె తడబడుతుంది. ఆగిపోనూవచ్చు.

పొద్దున టెంటులో వాడికి ఇదే చెప్పాను. "అక్కా, పాఠాలు నీ క్లాసులో చెప్పుకో. గెలిచిన రోజు కూడా ఏడుపేనా?" అని నవ్వాడు. ఆ నవ్వుకే పెదవి చిట్లి నెత్తురొచ్చింది.

ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. తర్వాత డాక్టరు చెప్పినంతే, కొద్దికొద్దిగా పట్టించండి. జనం గోల చేస్తే, వాళ్లక్క అడ్డుపడిందని మైకులోనే చెప్పండి. వాడు ఎన్నేళ్లు తిట్టినా పడతాను.

ఇట్లు,
దీక్షలో ఉన్నవాడి అక్క